ముందు గడ్డి, తర్వాత గుర్రం

(బెంగళూరులో ఒక ఆదివారం ఉదయం తెలుగువాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి.

ముందుగా ఒక మాట అడుగుతాను. ఎప్పటికైనా గుర్రం కొనాలని మనసులో ఉన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. పొలం కొనాలని చూస్తున్నవాళ్ళు? ఇంకా ఎక్కువమంది. సరే, మూడో ప్రశ్న. ఏప్రిల్, మే నెలల్లో ఆ గుర్రానికి గడ్డి ఎక్కణ్ణుంచి వస్తుందో లెక్క వేసుకున్నవాళ్ళు? ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ మూడో ప్రశ్న గురించే. గుర్రాలతో వ్యవసాయం ఎలా మొదలుపెట్టాలో చెప్పమని నన్ను పిలిచారు. నా జవాబు ఒక్కటే. గుర్రాన్ని అన్నిటికంటే ఆఖర్న కొనండి. ముందు నీళ్ళు, తర్వాత గడ్డి, తర్వాత మీకు తోడుండే మనిషి, ఆ తర్వాతే గుర్రం.

నాది హిందూపురం పక్కన ఒక పల్లె. చాలా ఏళ్ళు ఇక్కడే బెంగళూరులో ఉద్యోగం చేశాను. ఇప్పుడు అక్కడే ఉంటున్నాను. ఎర్రనేల, రెండు గుర్రాలు, కొన్ని ఆవులు, గొర్రెలు, ఇంటికి సరిపడా రాగులు, కందులు, కూరగాయలు. మీలో చాలామందిది మా అనంతపురం, చిత్తూరు, కడప వైపేనని తెలుసు. ఊళ్ళో పొలం ఉండి కౌలుకిచ్చి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటివాళ్ళకు నేను చెప్పేది ఇంకా దగ్గరగా ఉంటుంది.

బెంగళూరులో ఉన్నవాళ్ళకు గుర్రం కొత్త కాదు. నగరం నడిబొడ్డున రేసుకోర్సు ఉంది. తుమకూరు జిల్లా కునిగల్‌లో టిప్పు కాలం నుంచి గుర్రాలు పెంచుతున్నారు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎండ మరీ మండదు, రాత్రి చల్లబడుతుంది, గుర్రం ఒంటికి పడుతుంది. కానీ మీరు పొలం కొనేది ఎక్కడ? ఇక్కడ ధర అందక గౌరిబిదనూరు దాటి, హిందూపురం, పెనుకొండ, మడకశిర వైపు వస్తారు. అటు వచ్చేకొద్దీ ఎత్తు తగ్గుతుంది, వాన తగ్గుతుంది, ఎండ పెరుగుతుంది. బెంగళూరులో ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైన పడితే, అనంతపురం వైపు సుమారు 550. రెండు మూడు గంటల డ్రైవింగులో మీరు వేరే దేశానికి వచ్చేస్తారు. గుర్రానికి అది తెలుస్తుంది, మీకు తెలియకపోయినా.

మన దక్షిణాదిలో గుర్రం కథ ఎప్పుడూ ఇంతే. 13వ శతాబ్దంలో మార్కో పోలో కోరమండల్ తీరం గురించి రాస్తూ, ఇక్కడి రాజులు ఏటేటా ఎంతో డబ్బు పోసి సముద్రం మీదుగా గుర్రాలను తెప్పించుకుంటారనీ, చూసుకోవడం తెలిసినవాళ్ళు లేక అవి ఎక్కువ కాలం బతకవనీ చెప్పాడు. వాటికి వండిన అన్నం, మాంసం పెట్టేవాళ్ళట! గడ్డి తినే జంతువుకు! విజయనగర కాలంలోనూ అంతే. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, దూరదేశాల నుంచి ఏనుగులను, మేలైన గుర్రాలను తెచ్చే వర్తకులను బాగా చూసుకోవాలి, ఆ సరుకు శత్రువుకు పోకూడదు అన్నాడు. ఆలోచించండి, అంత పెద్ద సామ్రాజ్యం, పెనుకొండ లాంటి దుర్గాలు, అయినా గుర్రం మాత్రం ఓడ దిగి రావాల్సిందే. రాజుల డబ్బుకు గుర్రం దొరికింది, గడ్డినేల దొరకలేదు. ఈ రోజు మనం చేస్తున్నదీ అదే కదా? రాజస్థాన్ జాతి మార్వారీ గుర్రాన్ని లారీలో దింపుకుంటాం, గడ్డి మాట తర్వాత చూద్దాంలే అంటాం.

ఇప్పుడు కొంచెం లెక్క. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి.

నాలుగు వందల కిలోల గుర్రం రోజుకు తన బరువులో నూటికి రెండు వంతుల ఎండుమేత తినాలి. అంటే ఎనిమిది కిలోలు. ఏడాదికి దాదాపు మూడు టన్నులు. గుర్రం ఒంటరిగా ఉండలేదు, మందలో బతికే జీవి, కాబట్టి రెండు అనుకోండి. ఆరు టన్నులు. ఇక నీళ్ళు. ఒక గుర్రం రోజుకు ముప్ఫై నుంచి నలభై లీటర్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. నలభై లీటర్లనే తీసుకోండి, ఏడాదికి 14,600 లీటర్లు. చాలామంది ఇక్కడే ఊపిరి పీల్చుకుంటారు, బోరు ఉంది కదా, ఇదెంత అని.

ఆగండి. ఎకరం పచ్చగడ్డి ఎండాకాలంలో రోజుకు తక్కువలో తక్కువ నాలుగు మిల్లీమీటర్ల నీళ్ళు లాగేస్తుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే నాలుగు వేల లీటర్లు. అంటే రోజుకు పదహారు వేల లీటర్లు. విన్నారా? గుర్రం ఏడాదంతా తాగే నీళ్ళకంటే ఎకరం గడ్డి ఒక్క రోజులో తాగేవి ఎక్కువ. గుర్రానికి నీళ్ళున్నాయా అని అడగకూడదు. గడ్డికి నీళ్ళున్నాయా అని అడగాలి. ఈ ఒక్క మాట ఇంటికి తీసుకెళ్తే చాలు, నేను హిందూపురం నుంచి వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

మరి ఎలా? బోరు మీద ఆధారపడి ఎండాకాలంలో పచ్చగడ్డి పెంచే ఆలోచన మా వైపు మానుకోండి. వాన మీద పెంచి, కోసి, ఎండబెట్టి, వామి వేసి దాచుకోండి. మీ నేల మీద 550 మిల్లీమీటర్లు పడితే ఎకరానికి ఏడాదికి ఇరవై రెండు లక్షల లీటర్లు. ఎంత నీళ్ళో చూడండి! అవి ఎక్కడికి పోతున్నాయి? ఎర్రనేల పైన అట్టు కట్టి, పారి, వంకలో పడి పోతున్నాయి. కాబట్టి మొదటి ఏడాది మీరు చేయాల్సింది వాలుకు అడ్డంగా గట్లు వేయడం, పల్లంలో నీటికుంట తవ్వడం, గట్ల మీద గడ్డి నాటడం. మొదటి ఏడాది గుర్రం వద్దు. రెండో ఏడాది కూడా వద్దంటాను. రెండు వానాకాలాలు చూడండి, ఏ మూల నీళ్ళు నిలుస్తాయి, ఏ మూల గరిక తనంతట తాను అల్లుకుంటుంది, ఏ మూల ఏమీ మొలవదు. గుర్రపుశాల ఎక్కడ కట్టాలో అప్పుడు మీకే తెలుస్తుంది. ఆర్కిటెక్టు చెప్పక్కర్లేదు.

ఏ గడ్డి అంటారా? ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఊళ్ళో అందరూ ఆవులకు మంచిదని చెప్పేవన్నీ గుర్రానికి మంచివి కావు. ఆవుకు నాలుగు గదుల పొట్ట, నెమరు వేస్తుంది, చాలా వాటిని లోపలే సర్దుకుంటుంది. గుర్రానిది చిన్న పొట్ట, పైగా వాంతి చేసుకోలేదు. తప్పుడు మేత లోపలికి పోతే వెనక్కి వచ్చే దారి లేదు.

నేపియర్ గడ్డి ఇప్పుడు అందరూ వేస్తున్నారు. అందులో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. నెలల తరబడి అదొక్కటే పెడితే గుర్రం తన ఎముకల్లోని కాల్షియాన్నే కరిగించుకుంటుంది, మొహం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. దానికి గోధుమ తవుడు కూడా ఎక్కువ పెడితే ఇంకా చెడుతుంది. సుబాబుల్ పశువులకు మేలని వేస్తాం. గుర్రం తింటే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. గట్ల మీద పచ్చిరొట్టకని నాటే గ్లైరిసిడియా గుర్రానికి విషం. పచ్చి జొన్న మీద మేపితే వెనక కాళ్ళు తడబడి, మూత్రం పట్టు తప్పే జబ్బు వస్తుంది. కంచెలో గన్నేరు అందంగా ఉంటుంది, కొన్ని ఆకులు చాలు గుర్రం ప్రాణం పోవడానికి. ఆముదపు గింజలూ అంతే. మన వైపు శెనక్కాయ కట్టె బాగా దొరుకుతుంది, బాగా ఎండితే కొంచెం పెట్టొచ్చు. బూజు వాసన వస్తే మాత్రం ముట్టనివ్వకండి. కోళ్ళ దాణా బస్తాలు గుర్రానికి అందే చోట పెట్టకండి, అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను దెబ్బతీస్తుంది.

భయపెడుతున్నానని అనుకోకండి. పెట్టదగ్గవి చాలా ఉన్నాయి. గరిక, రాగిగడ్డి, రోడ్స్ గడ్డి, కొంచెం లూసర్న్. పని చేసే గుర్రానికి ఉడకబెట్టిన ఉలవలు కొద్దిగా. ఏది మార్చినా పది రోజుల మీద, కొద్దికొద్దిగా మార్చండి. ఇసుక నేల మీద మేత వేయకండి, మేతతో పాటు ఇసుక పేగుల్లో చేరుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. పని చేసినా చేయకపోయినా, వాన పడినా పడకపోయినా దాని మేత దానికి కావాలి.

కంచె గురించి ఒక్క మాటే. ముళ్ళతీగ వద్దు. గుర్రం బెదిరితే ముందు పరిగెడుతుంది, తర్వాత చూస్తుంది. రాతి కూసాలకు అడ్డకర్రలు, లేదంటే వెడల్పాటి తెల్ల టేపుతో కరెంటు కంచె.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. నేలతో అనుబంధం అంటారు కదా, దాని గురించి. చాలామంది ఆ మాట అన్నప్పుడు సాయంత్రం గట్టు మీద కూర్చుని సూర్యాస్తమయం చూడటం అనుకుంటారు. అది బాగానే ఉంటుంది. కానీ నేను చూసినంతలో నేల మనిషికి దగ్గరయ్యేది పొద్దున్నే, పనిలో.

మా దగ్గర పొద్దున ఎలా ఉంటుందో చెబుతాను. వెలుతురు రాకముందే శాలకు వెళ్తాను. ముందు గుర్రాన్ని చూడను, కింద లద్దె చూస్తాను. ఎన్ని కుప్పలు వేసింది, ఉండలు విడివిడిగా, తేమగా ఉన్నాయా, ఎండి గట్టిపడ్డాయా. గట్టిపడితే నిన్న నీళ్ళు తక్కువ తాగిందని అర్థం. తర్వాత తొట్టి, రాత్రికి ఎంత దిగింది. ఆ తర్వాత దాని పక్కకు వెళ్ళి, ఆఖరి పక్కటెముక వెనక డొక్కలో చెవి ఆనిస్తాను. లోపల గుడగుడమని పేగులు కదులుతున్న చప్పుడు వినిపించాలి. ఆ చప్పుడు వినిపిస్తే ఆ పూటకు నిశ్చింత. వినిపించకపోతే, అది కాలితో నేల గీకుతూ తన డొక్క వైపే తిరిగి చూస్తుంటే, మేత తీసేసి డాక్టరుకు ఫోను చేయాల్సిందే, ఆలస్యం పనికిరాదు. చివరికి కాళ్ళు. ఒక్కొక్క కాలూ ఎత్తి, డెక్క మధ్యలో ఉండే, కప్ప అని పిలిచే మెత్తటి భాగం చుట్టూ ఇరుక్కున్న మట్టి, రాళ్ళు కొక్కెంతో తీస్తాను. ఇక్కడ చూడండి, ఆ మట్టి ప్రతిరోజూ వేరుగా ఉంటుంది. వాన పడిన మర్నాడు ఒక రకం, కుంట దగ్గర మేసొచ్చిన రోజు నల్లగా, మెట్ట మీద తిరిగొచ్చిన రోజు గరుకు గులకరాళ్ళతో. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళు వాసన వచ్చిందంటే శాల నేల తడిగా ఉందని అర్థం. నా పొలంలో నిన్న ఎక్కడ ఏం జరిగిందో ఆ డెక్కలో రాసుంటుంది. చాలా ఏళ్ళు మా నాన్నగారి పొలం చుట్టూ తిరిగాను కానీ, ఇంత దగ్గరగా ఆ మట్టిని నేను గుర్రం వచ్చాకే చూశాను.

ఇదంతా నాకు నేర్పింది మా ఊళ్ళో ఒకప్పుడు జట్కా తోలిన పెద్దాయన. తాతా అని పిలుస్తాం. ఆయన చదువుకోలేదు. గుర్రం నిలబడ్డ తీరు చూసి ఏ కాలు నొప్పో చెబుతాడు. హిందూపురంలో జట్కాలు తిరిగిన రోజుల్లో ఇలాంటివాళ్ళు వీధికొకరు ఉండేవాళ్ళు. లాడాలు కొట్టేవాళ్ళు, జీనులు, కళ్ళేలు కుట్టేవాళ్ళు, దాణా అమ్మేవాళ్ళు. జట్కాలతో పాటు వాళ్ళూ పోయారు. ఇప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి డెక్కలు చెక్కించాలంటే బెంగళూరు నుంచి మనిషి రావాలి. అందుకే మూడోది మనిషి అన్నాను. మీ చుట్టుపక్కల అలాంటి పెద్దవాళ్ళు ఇంకా ఉంటే వెతకండి. గౌరవంగా వెళ్ళి అడగండి, జీతం మంచిగా ఇవ్వండి, వాళ్ళ దగ్గర మీ పిల్లలను కూర్చోబెట్టండి. ఈ విద్య వాళ్ళతో పోతే మళ్ళీ రాదు.

లద్దె గురించి చెప్పాలి. ఒక గుర్రం రోజుకు పదిహేను నుంచి ఇరవై కిలోలు వేస్తుంది. ఏడాదికి అయిదున్నర నుంచి ఏడు టన్నుల దాకా. మా ఎర్రనేలల్లో సేంద్రియ కర్బనం ఎక్కువచోట్ల అర శాతం కూడా ఉండదు. అలాంటి నేలకు ఇది ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. కానీ పచ్చిది చల్లకండి. గుర్రానికి జీర్ణం అంతంత మాత్రమే, కలుపు విత్తనాలు అలాగే బయటికి వస్తాయి, పురుగుల గుడ్లూ ఉంటాయి. కుప్ప వేసి, తడి ఆరకుండా చూస్తూ, తిరగేస్తూ ఉంటే లోపల 55, 60 డిగ్రీల వేడి పుడుతుంది. విత్తనాలు, గుడ్లు రెండూ చస్తాయి. అప్పుడు చల్లండి. మా దగ్గర రాగి మడిలో మార్పు కళ్ళకు కనబడింది, చేత్తో పిడికిలి పడితే మట్టి ముద్ద కడుతోంది.

గుర్రం నేలను బాగుచేయగలదు, పాడూ చేయగలదు. పళ్ళతో మొదలంటా కొరికి మేస్తుంది. నచ్చిన చోటే మేస్తుంది, లద్దె వేసిన చోట మేయదు. అలా వదిలేస్తే ఏడాదిలో సగం పొలం బోడి, సగం పొలం వయ్యారిభామ. కాబట్టి పొలాన్ని దొడ్లుగా విడగొట్టి, మేసి మేసి గడ్డి నాలుగు వేళ్ళ ఎత్తుకు తగ్గగానే పక్క దొడ్డికి మార్చండి. గుర్రాలు మేసిన చోట ఆవులను, గొర్రెలను వదలండి. గుర్రం వదిలేసింది అవి తింటాయి, గుర్రానికి పట్టే పురుగు చాలావరకు వాటి కడుపులో బతకదు. వానలు బాగా పడే రోజుల్లో గుర్రాలను ఒకే చిన్న దొడ్డికి పరిమితం చేయండి. ఆ ఒక్క దొడ్డి తొక్కుడై పోయినా మిగతా పొలం నిలుస్తుంది.

వారాంతపు ఫామ్‌హౌసుల గురించి కూడా నా అభిప్రాయం చెప్పాలి. కొందరికి నచ్చకపోవచ్చు. శనివారం వచ్చి ఆదివారం వెళ్ళిపోయేవాళ్ళు దయచేసి గుర్రాన్ని పెట్టుకోకండి. మామిడిచెట్లు పెట్టుకోండి, గట్లు వేయండి, అదీ నేలకు మేలే. గుర్రం అయిదు రోజులు పని తెలియని కాపలామనిషి చేతిలో, ఒక్కటే, కట్టుకొయ్యకు కట్టేసి ఉండటం నేను చాలాచోట్ల చూశాను. అది తల ఊపుతూ, ఊపుతూ, కర్ర కొరుకుతూ ఉంటుంది. మీ పిల్లలు ఫొటో దిగే అరగంట కోసం అంత శిక్ష ఎందుకండీ? ఇంట్లో ఒక్కరైనా అక్కడ ఉంటామంటేనే మొదలుపెట్టండి.

కాగితాల సంగతి త్వరగా చెబుతాను, ఇక్కడ లాయర్లు ఉన్నారు, వాళ్ళను అడగండి. కర్ణాటకలో రైతు కానివాళ్ళు పొలం కొనకుండా ఉన్న 79ఏ, 79బీ సెక్షన్లను 2020లో తీసేశారు. అంతమాత్రాన ఏ భూమైనా కొనొచ్చని కాదు. ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన భూముల మీద 1978 చట్టం ఉంది. ఆంధ్రలో డీకేటీ పట్టాలు, అసైన్డ్ భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూముల మీద 1977 చట్టం ఉంది. చవగ్గా వస్తోందంటే ముందు ఆ రెండూ చూసుకోండి. పేదవాడికిచ్చిన నేలను లాక్కుని ఆ నేలతో అనుబంధం ఏం పెంచుకుంటాం?

ఏ గుర్రం? మా ఎండలకు మార్వారీ, కాఠియావారీ తట్టుకుంటాయి. చెవుల కొనలు లోపలికి తిరిగి ఉంటాయే, అవి. రేసుల్లో ఆపేసిన థరోబ్రెడ్‌లు తక్కువకే దొరుకుతాయి. మంచి జీవులు, కానీ పలచటి చర్మం, తిండి ఎక్కువ, చేయి తిరిగిన మనిషి కావాలి. మొదటి గుర్రంగా వద్దు. ఏదైనా గ్లాండర్స్ రక్తపరీక్ష నెగెటివ్ అని కాగితం చూడకుండా కొనకండి. అది మనుషులకూ అంటుకునే జబ్బు, తేలితే గుర్రాన్ని చంపేయాల్సి వస్తుంది. హిస్సార్‌లో గుర్రాల జాతీయ పరిశోధన కేంద్రం ఉంది, నిర్ధారణ అక్కడ చేస్తారు. ధనుర్వాతం టీకా తప్పనిసరి. జోరీగల కాలంలో సర్రా అనే జ్వరం వస్తుంది, దాని గురించి మీ డాక్టరుతో ముందే మాట్లాడి ఉంచండి. పల్లెల్లో పశువుల డాక్టర్లకు ఆవులు, గేదెలు బాగా తెలుసు, గుర్రం అరుదు. ఇక్కడ హెబ్బాళ పశువైద్య కళాశాల ఉంది. కొనకముందే వెళ్ళి పరిచయం చేసుకోండి.

ప్రశ్నలు అడగండి.

ఆ అమ్మ అడుగుతున్నారు, పిల్లలు ఎన్నాళ్ళకు ఎక్కొచ్చు అని. ముందు పిల్లలను శాల ఊడ్వనివ్వండమ్మా. మాలీషు చేయడం, నీళ్ళు పెట్టడం, పగ్గం పట్టుకుని పక్కన నడవడం. గుర్రం వాళ్ళను గుర్తుపట్టి చెవులు ముందుకు తిప్పిన రోజు మొదలుపెట్టొచ్చు. హెల్మెట్ లేకుండా మాత్రం వద్దు, గుర్రం ఎంత సాధువైనా సరే.

వెనక నుంచి ఆ అన్న మంచి ప్రశ్న అడిగారు. అందరికీ వినబడిందా? గుర్రం ఎన్నేళ్ళు బతుకుతుంది, ముసలిదైతే ఏం చేయాలి అని. బాగా చూసుకుంటే పాతిక, ముప్ఫై ఏళ్ళు బతుకుతుందన్నా. మీకు నలభై అయిదేళ్ళనుకోండి, ఈ రోజు పిల్లను కొంటే దానికి ముసలితనం వచ్చేసరికి మీకు డెబ్బై. పళ్ళు అరిగిపోతాయి, గడ్డి నమలలేదు, నానబెట్టి పెట్టాలి. అప్పుడు దాన్ని అమ్మితే ఎవరు కొంటారో, ఎక్కడికి పోతుందో మీకూ తెలుసు. కాబట్టి కొనే ముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి, మీ తర్వాత ఎవరు చూస్తారని. మా ఇంట్లో మా అమ్మాయి ఆ మాట ఇచ్చాకే మేం రెండోదాన్ని తెచ్చాం.

టైమయిందంటున్నారు. కుంట తవ్వాలనుకునేవాళ్ళు జూన్ వానలకు ముందే తవ్వించాలి, మే నెలలో జేసీబీలు దొరకవు, ఇప్పుడే చెప్పి పెట్టుకోండి. గడ్డి విత్తనం, గరిక పిలకలు కావాల్సినవాళ్ళు బయట నన్ను కలవండి, కొంచెం తెచ్చాను.